అరవై తొర్రలు

ఆ చట్టం రాసినవాళ్లలో ఒక్కరు కూడా తొర్రకప్పను చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. పట్టుకుని ఉంటే, బొటనవేలంత ప్రాణికి ‘స్థానాంతరణ యోగ్య జీవసముదాయం’ అని పేరు పెట్టడానికి కొంతైనా సిగ్గుపడి ఉండేవారని హైమవతి అభిప్రాయం.

చట్టం సంగతి సూటిగా చెప్పాలంటే ఇది. ఒక అడవిని ముంచదలిస్తే, ఆ అడవిలో తప్ప మరెక్కడా బతకని జంతువు ఏదైనా ఉంటే, దానికి సరిసమానమైన నివాసం వేరొకచోట తయారు చేసి చూపాలి. రెండు వానాకాలాలు ఆ జంతువు అక్కడ నిలిచిందని దాని శాస్త్రం తెలిసిన మనిషి సంతకం చేయాలి. సంతకం పడితే నీళ్లు వదలవచ్చు. అదే అడవిలో మనుషులుంటే? మనుషుల గురించి చట్టంలో ఉన్నది ఒకే వాక్యం: ‘వారికి గృహవసతి కల్పించబడును.’ కప్ప కొత్త ఇంట్లో ఉండగలదో లేదో తేలేదాకా ఆగుతారు. మనిషి ఉండగలడా అని ఎవరూ పరీక్షించరు.

తుమ్మెదల వాగు లోయలో ముప్పై నాలుగు కొండరెడ్డి కుటుంబాలున్నాయి. లోయ మునిగిపోకుండా వాళ్లకు అడ్డుగా నిలిచినది తొర్రకప్ప ఒక్కటే.

ఆ తొర్రకప్పకు సరిసమానమైన ఇల్లు కట్టినది హైమవతి.

“సంతకం జూలై ఇరవై అయిదులోగా అట,” అంది ఆమె, రాజమహేంద్రవరంలోని తమ ఇంటి వంటగది గుమ్మంలో నిలబడి, ఉత్తరం మడుస్తూ. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. జంతుశాస్త్రం ముప్పై ఏళ్లు బోధించి పదవీ విరమణ చేసింది. భర్త శేషాచలం అదే కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. ఇప్పుడు పెసరట్లు పోస్తున్నాడు.

“నలభై ఏడు వచ్చాయన్నావుగా?”

“వచ్చాయి. అరవైలో ముప్పై ఆరు చాలు.”

“అయితే గెలిచావు.”

“అవును,” అంది ఆమె. ఆ మాటలో గెలిచిన మనిషి స్వరం లేదు. శేషాచలం అట్లకాడ ఆపి ఆమె వంక చూశాడు. అల్లం పచ్చడి గిన్నె ఆమెవైపు జరిపాడు.

ఈ గెలుపు కథ పన్నెండేళ్ల కిందట మొదలైంది. తొర్రకప్ప నేలమీద బతకదు, చెరువులో బతకదు. ముసలి నేరేడు, మద్ది చెట్ల తొర్రల్లో నిలిచిన వాననీరే దానికి ఇల్లు, పురిటిగది, పాటకచ్చేరీ. మగకప్ప నీళ్లలో సగం మునిగి కూర్చుని ఒక గొంతు పెడుతుంది. తొర్ర పలకదు. కొంచెం హెచ్చిస్తుంది, కొంచెం తగ్గిస్తుంది, గాత్రం నేర్చే పిల్లలా తడుముకుంటుంది. ఎక్కడో ఒకచోట దాని గొంతూ తొర్రలోని గాలీ ఒక్క శ్రుతిలో కలుస్తాయి; అప్పుడు అంత చిన్న ప్రాణి నోటినుంచి వచ్చే ‘గుం’ అన్న మోత కుండలో కొట్టినట్టు రెండు ఫర్లాంగుల దూరం వినిపిస్తుంది. నిన్నటి వానకు నీటిమట్టం మారితే శ్రుతి మళ్లీ వెతుక్కోవాలి. ఈ సంగతి లోకానికి మొదట చెప్పినది హైమవతే.

ఒక తుపాను ఏడాది లోయలో నలభై మూడు ముసలి చెట్లు కూలాయి. ఇల్లు కూలిన కప్పలను చూడలేక ఆమె ఒక కృత్రిమ తొర్ర తయారు చేయడం మొదలుపెట్టింది. పుట్టగొడుగు పీచుతో బెరడులా పెంచిన గోడ, లోపల వాననీరు, అడుగున కప్ప గొంతును వినే చెవి, విన్న శ్రుతినిబట్టి నీటిని వెంట్రుకవాసి పెంచుతూ తగ్గిస్తూ సర్దే చిన్న తిత్తి. అడవిలో కప్ప తొర్రకు తగ్గట్టు పాడాలి. హైమవతి తొర్రలో కప్ప ఏ గొంతు పెట్టినా తొర్రే దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అంతటితో ఆగక, ఆ కప్ప గొంతును గుర్తుంచుకుంటుంది. పదేళ్లు పట్టింది. వేళ్ల కీళ్లు వాచిపోయాయి. చేసినది పరిపూర్ణంగా ఉందని ఆమెకు తెలుసు; తన పని గురించి వినయం నటించే అలవాటు ఆమెకు లేదు.

అది పూర్తయిన ఏడాదే చట్టం వచ్చింది. నీళ్లను పగలు కొండమీదికెక్కించి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే పథకం ఒకటి తుమ్మెదల వాగు మీద కన్నేసింది. పథకంలో పర్యావరణ అధికారిగా ఉన్న బొడ్డేపల్లి జగదీశ్వరరావు ఒకప్పుడు ఆమె శిష్యుడు. పూలగుత్తి పట్టుకుని ఇంటికి వచ్చాడు.

“మీ తొర్రే లేకపోతే ఈ ప్రాజెక్టు లేదు మేడమ్,” అన్నాడు. పొగిడానని అనుకున్నాడు పాపం.

తాను కాదంటే చూడకుండా సంతకం చేసే మరొకరిని తెస్తారని ఆమెకు తెలుసు. లోయ ఎలాగూ పోతుందనుకుంటే కప్పలైనా మిగలాలి. ఇలా తనకు తాను చెప్పుకుని ఆమె ఒప్పుకుంది. లోయ మునిగే మట్టానికి పైన, వాగు దాటగానే ఉన్న గట్టుమీది చెట్లకు అరవై తొర్రలు కట్టించింది. అరవై మగకప్పలనూ అరవై ఆడకప్పలనూ లోయలోంచి పట్టించి, ఒక్కొక్కదాని తొడ చర్మం కింద ఎర్రనిదో పచ్చనిదో రంగు చుక్క పెట్టి, తన చేతులతో వాటిలో దింపింది. తరువాత ఒక నియమం పెట్టింది: వానాకాలంలో ఏ తొర్రనూ ఎవరూ తెరవరాదు. వెలుగు పడితే తల్లికప్ప గుడ్లు వదిలేసి పోతుంది. వానలు లేని నెలల్లో కప్పలు బెరడు సందుల్లోకి పోతాయి కాబట్టి అప్పుడు తెరిచినా లాభం లేదు. లెక్క తొర్ర అడుగున ఉన్న యంత్రపు చెవితోనే జరగాలి. తొర్రలో మోగితే కప్ప ఉన్నట్టు.

మొదటి ఏడు నలభై ఒకటి మోగాయి. రెండో ఏడు నలభై నాలుగు. ఈ ఏడు తొలకరికే నలభై ఏడు.

సంతకానికి ముందు లోయను ఒకసారి చూసి రావాలని ఆమె బయలుదేరింది. చావు పలకరింపుకు వెళుతున్నట్టుంది అన్నాడు శేషాచలం, సంచిలో మందుల డబ్బా సర్దుతూ.

ఆషాఢం. నాలుగు రోజులుగా మబ్బు వీడలేదు. మధ్యాహ్నం మూడింటికే చెట్ల కింద మసక కమ్మింది. లోయలోకి దిగే కాలిబాటమీద జలగలకు భయపడి ఆమె మేజోళ్లలోకి పొగాకు ముక్కలు దోపుకుంది. ఊరి మొదట్లో మొదటి ఇల్లు కెచ్చెల లచ్చిరెడ్డిది. అతని భార్య చిన్నమ్మి వాకిట్లో కూర్చుని వెదురు తట్ట అల్లుతోంది.

“రండమ్మగోరూ. సంతకం పెట్టేశారా?” అంది, చేతిలోని పని ఆపకుండా.

హైమవతి అరుగుమీద కూర్చుంది. “ఇంకా లేదు చిన్నమ్మీ.”

“పెట్టేత్తారంటగా. ఆ జీపు బాబుగోరు సెప్పారు. కప్పలు కొత్తిళ్లలో సుకంగా ఉన్నాయంట, మీరూ అలాగే ఉండొచ్చన్నారు.” బద్దను గోటితో చీల్చి, “మా బావగోరు ముందే ఎల్లారు కదా కాలనీకి. జీలుగు సెట్టు ఎక్కేవోడు ఇప్పుడు మెట్లెక్కుతున్నాడు. ఎక్కి సూత్తే పైన ట్యాంకీ ఉందంట.”

“జీలుగు మొక్కలు నాటించామన్నారే?”

“నాటారు. కల్లు గీతకి రావాలంటే పదేళ్లు. అందాకా ఆయన ట్యాంకీ గియ్యాలి.”

ఆ హాస్యానికి హైమవతి నవ్వలేకపోయింది. ఈ లోయలో జీలుగు చెట్టు ఆస్తి. తాత పేరున ఒకటి, కూతురి పేరున ఒకటి, పుట్టిన ప్రతి బిడ్డకూ ఒకటి. కాలనీ ఇళ్ల పటంలో పడకగది ఎన్ని అడుగులో రాశారుగాని చెట్టుకు గడి లేదు. సర్వే పత్రంలో కోళ్లకుంది.

“లచ్చిరెడ్డి ఏడీ?”

“వాగు పక్కన. సెట్టుమీద.”

వాగు ఒడ్డున ఎత్తయిన జీలుగు చెట్టుకు ఒంటి వెదురుగడ నిచ్చెన ఆనించి ఉంది. కణుపుల దగ్గర కొమ్మ మొదళ్లు విడిచి కొట్టిన ఆ గడమీద కాలి బొటనవేలు ఆనించి లచ్చిరెడ్డి ముప్పై అడుగుల ఎత్తున నిలబడ్డాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. కల్లు కుండ మార్చుతూ కిందికి చూసి, “ఏటమ్మగోరూ, కాళ్లు నొప్పులన్నారు, ఇంత దూరం ఎందుకొచ్చారు?” అని కేకేశాడు.

“చూసి పోదామని వచ్చాను లచ్చిరెడ్డీ.”

“ఎవుర్ని? మీ బొట్టు కప్పల్నా?”

ఆమెకు అర్థం కాలేదు. “బొట్టు కప్పలేమిటి?”

అతను నిచ్చెన దిగడానికి తొందరపడలేదు. దిగి, కుండ నేలమీద పెట్టి, తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. “అదేనండి, తొడమీద బొట్టు పెట్టి గట్టుమీదికి పంపారు కదా. ఎర్ర బొట్టు, పచ్చ బొట్టు. అవి.”

“అవి గట్టుమీద ఉన్నాయి.”

“గట్టుమీదెక్కడండి?” లచ్చిరెడ్డి ఆశ్చర్యంగా చూశాడు. “ఇక్కడే ఉన్నాయి. ఎప్పుడో వచ్చేసినాయి. ముందటేడు ఆసాడంలోనే.”

హైమవతి రాతిమీద కూర్చుంది.

“ముందటేడా? నువ్వు చూశావా?”

“నేనొక్కణ్ణేటి, సెట్టెక్కే పెతీవోడూ సూశాడు. ఎక్కేటప్పుడు పక్క నేరేడు తొర్రలో సెయ్యి పెట్టి సూత్తాం కదండి, పామున్నదేమోనని. సెయ్యి పెడితే బొట్టు కప్ప. మీ కిందూళ్లలో కొత్త కోడళ్లు ఆసాడానికి పుట్టింటికి వత్తారు కదా, ఇయ్యీ అలాగే వచ్చాయిరా అనుకుని నవ్వుకున్నాం. ఆసాడం ఎల్లి రెండేళ్లయింది, అత్తింటికి మాత్రం ఎల్లలేదు.”

“నాకెందుకు చెప్పలేదు లచ్చిరెడ్డీ?” ఆమె గొంతు పెరిగింది. ముప్పై ఏళ్లు తరగతి గదిని వణికించిన గొంతు అది.

అతను వణకలేదు. “మీరు అడిగారా అమ్మగోరూ? గట్టుమీదికి రావద్దని తాడు కట్టారు. కప్పల జోలికి పోతే కేసన్నారు. రాసుకునే బాబులు వచ్చి ఇల్లెన్ని, కోళ్లెన్ని అన్నారు. కప్పలెన్ని అని ఎవురూ అనలేదు. మీకు తెలీకుండా ఉంటదని మేమెలా అనుకుంటాం? బొట్టు పెట్టింది మీరు.”

న్యాయమంతా అతని పక్షానే ఉంది.

“చూపించు,” అంది.

పక్కనున్న నేరేడు మొదట్లో, మనిషి ఎత్తున ఉన్న తొర్రలో అతను చెయ్యి పెట్టి, గుప్పిట తెరిచి చూపాడు. బెరడు రంగు ప్రాణి, వేళ్ల కొసలకు గుండ్రని బిళ్లలు, బంగారు కళ్లు. కుడి తొడ చర్మం కింద ఎర్రటి చుక్క, దాని పక్కన పసుపు చుక్క. పదిహేడో తొర్రలో తాను దింపిన మగకప్ప. నిన్న సాయంత్రం కూడా పదిహేడో తొర్ర మూడు వందల పన్నెండు సార్లు మోగినట్టు యంత్రం రాసింది.

ఇది ఇక్కడుంటే అక్కడ పాడుతున్నదెవరు?

వాగు దాటి గట్టెక్కడానికి మామూలుగా ఆమెకు అరగంట పడుతుంది. ఆ రోజు ఇరవై నిమిషాలు పట్టింది. వెనక లచ్చిరెడ్డి, అతని వెనక తట్ట వదిలేసి వచ్చిన చిన్నమ్మి, వాళ్ల వెనక ఇంకో నలుగురు. తాడు దగ్గర కాపలా మనిషి లేచి నిలబడ్డాడు.

“మేడమ్, వానాకాలం తెరవకూడదని మీరే కదా ఆర్డరు...”

“ఆర్డరు నాదే. తప్పూ నాదే. తప్పుకో బాబూ.”

పదిహేడో తొర్ర మూత ఆమె స్వయంగా విప్పింది. రెండేళ్లలో అది మొదటిసారి తెరుచుకోవడం. లోపల నీరు తేటగా, గీత గీసినట్టు తన స్థానంలో ఉంది. గోడలు తడిగా, చల్లగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉన్నాయి. కప్ప లేదు. గుడ్డు లేదు. తోకకప్ప ఒక్కటి కూడా లేదు. ఒక ఎండుటాకు, నాలుగు దోమపిల్లలు.

ఆమె చెయ్యి తొర్ర గోడమీద ఆనించి ఉంది. మబ్బు ఇంకొంచెం కిందికి దిగింది. అప్పుడు లోయలో, వాగు అవతల, ఎక్కడో ఒక కప్ప ‘గుం’ అంది.

ఆమె అరచేతి కింద ఖాళీ తొర్ర ‘గుం’ అంది.

ఆమె చెయ్యి తీయలేదు. లోయలో కప్ప మళ్లీ అంది. తొర్ర మళ్లీ పలికింది. పక్కనున్న పద్దెనిమిదో తొర్ర వేరే గొంతుకు, ఆపైన ఇరవై రెండోది ఇంకో గొంతుకు. ఎవరూ లేని ఇళ్లు, ఎదుటి ఒడ్డున పాడుతున్న తమ పాత యజమానుల గొంతులు గుర్తుపట్టి, ఒకదాని వెంట ఒకటి మారుమోగుతున్నాయి. లోపలి చెవి ఆ మోతను విన్నది. కప్ప ఉందని రాసుకున్నది. వానలు బాగా పడి లోయలో ఆ శ్రుతుల్లో పాడే కప్పలు పెరిగినకొద్దీ గట్టుమీద లెక్క పెరిగింది. శ్రుతిలో వెంట్రుకవాసి లోపమున్నా ఈ తొర్రలు మోగి ఉండేవి కావు. ఆమె చేసిన వస్తువులో లోపం లేదు. అదే దాని దోషం.

“దెయ్యాలు కావు కదమ్మగోరూ?” అంది చిన్నమ్మి, కొంచెం వెనక్కి జరిగి.

“కాదు,” అంది హైమవతి. “నా తెలివితేటలు.”

చీకటి పడకముందే అరవై తొర్రలూ తెరిచారు. మూడింట జెర్రులు, ఒకదాంట్లో తొండ, ఏడింట చీమలు. కప్పలు సున్న. ఆమె ఊళ్లోనే ఉండిపోయి, మరుసటి మూడు రోజులూ చెట్టెక్కే మగవాళ్లనూ తొర్రల జాడ తెలిసిన ఆడవాళ్లనూ వెంటపెట్టుకుని లోయంతా వెతికింది. తరలించిన నూట ఇరవైలో డెబ్భై నాలుగు బొట్టు కప్పలు దొరికాయి. వాటిలో అరవై ఒకటి, పట్టిన చెట్టుకే తిరిగి వచ్చాయి. ప్రతిదాని కిందా ఆమె చెట్టు పేరు రాసింది. ఆ చెట్లన్నిటికీ పేర్లున్నాయి.

ఎందుకు వచ్చేశాయన్నది కాగితంమీద తేల్చడానికి ఆమెకు మూడు ఉదయాలు పట్టింది. జవాబు తాను వెంట తెచ్చుకున్న పాత నోటుపుస్తకాల్లోనే ఉంది. పదేళ్ల కిందట తానే రాసి, పక్కన పెట్టిన పరిశీలన. ఆడకప్ప వినేది పాట తీయదనాన్ని కాదు. శ్రుతి ఎంతసేపు వెతికాడు, ఎన్నిసార్లు తప్పాడు, వాన పడి మట్టం మారితే ఎంత త్వరగా మళ్లీ పట్టుకున్నాడు అన్నది వింటుంది. తన తొర్రను బాగా ఎరిగినవాడి దగ్గరే గుడ్లు పెడుతుంది. గట్టుమీద అరవై మంది మొదటి క్షణంనుంచీ తప్పులేకుండా పాడారు. ఎంచుకోవడానికి తేడా లేకపోయింది. ఆడకప్పలు వారం చూసి వాగు దాటాయి. మగకప్పలు వాటి వెనక వచ్చాయి.

ఫోనులో ఇది విని శేషాచలం పెద్దగా నవ్వాడు. “పెళ్లిచూపులకు వచ్చినవాళ్లంతా ఒకే సూటు, ఒకే నవ్వు, ఒకే జీతం అంటే నువ్వు మాత్రం ఆగేదానివా? నేను కాఫీ ఒలకబోసుకున్నాను కాబట్టి బతికిపోయాను.”

“ఓడిపోయానండీ,” అంది హైమవతి. “పన్నెండేళ్ల పని. ఒక్కటి కూడా నిలవలేదు.”

శేషాచలం అనుమానంగా, “ఓడిపోయినదాని గొంతులా లేదే ఇది. లాటరీ తగిలినట్టుంది,” అన్నాడు.

చిన్నమ్మి ఇంటి అరుగుమీద, తడిసిన చీర కుచ్చెళ్లతో, పగలు నాలుగు గంటలకు, ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది. రెండేళ్లుగా రాత్రి మంచం ఎక్కిన ప్రతిసారీ గుండెమీదికెక్కి కూర్చున్న బరువు ఆ కన్నీళ్లతో దిగిపోతున్నట్టు ఆమెకు స్పష్టంగా తెలిసింది. కప్పలు చావలేదు. తాను దింపిన చోట ఉండలేదు, అంతే. ఇంటికి నడిచి వచ్చేశాయి.

జగదీశ్వరరావు ఇరవై నాలుగో తేదీన జీపులో వచ్చాడు. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు. మంచివాడే. మంచివాళ్లు ఇలాంటి పనులు చేయరని అనుకోవడం పొరపాటని హైమవతి చాలాకాలంగా ఎరుగును.

“మేడమ్, ఒక్కమాట. చట్టం కింద మనం ఒప్పుకున్నది ధ్వని లెక్క. తొర్ర తెరవమని ఎక్కడా లేదు. లెక్క నలభై ఏడు. మీరు నలభై ఏడని రాస్తే అబద్ధం రాసినట్టు కాదు.”

“కాదు. మోగినవి నలభై ఏడే.”

“మరేటి మేడమ్ ఇబ్బంది?”

“ఇబ్బంది ఏమిటంటే జగదీశ్, కప్పలు ఉన్నాయని నేను నమ్మినప్పుడు, ఈ లోయ మునుగుతుందని తెలిసి కూడా సంతకం చేయడానికి సిద్ధపడ్డాను. ఈ ముప్పై నాలుగు ఇళ్లవాళ్ల మొహాలు చూస్తూ సిద్ధపడ్డాను. ఎందుకు? నిజం నా ఇష్టాయిష్టాలను బట్టి మారదు కాబట్టి. నాకు నచ్చని నిజానికి తలవంచినదాన్ని, నచ్చిన నిజం ఎదురైతే దాన్ని నీ సౌకర్యం కోసం దాచమంటావా?”

అతను నేలవంక చూశాడు. “మీరు మళ్లీ ప్రయోగం చేస్తే? తొర్ర కొంచెం మొండిగా ఉండేలా...”

“చేయవచ్చు. పదేళ్లు పడుతుంది. అప్పటికి ఆడకప్ప మరో తప్పు పట్టుకుంటుంది. ఆమె నాకంటే కఠినమైన పరీక్షాధికారి.”

జగదీశ్వరరావు పెదవులమీదికి నవ్వు రాబోయి ఆగింది. సంచిలోంచి పత్రాల కట్ట తీశాడు. ధ్రువపత్రం ఉంది, దాని మూడు నకళ్లున్నాయి, సంతకం ఎక్కడ చేయాలో బాణం గుర్తులున్నాయి. కట్టంతా రెండుసార్లు తిరగేసి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

“వైఫల్యానికి నమూనా లేదు మేడమ్. ప్రింటు చెయ్యలేదు. ఎవరూ అడగలేదు.”

“తెల్ల కాగితం ఉందా?”

“ఉంది.”

చిన్నమ్మి తెచ్చిన చేటను ఒళ్లో పెట్టుకుని, దానిమీద కాగితం పరచి, హైమవతి రాసింది. ‘అరవై తొర్రలూ తెరిచి చూడడమైనది. ఒక్క కప్ప కూడా లేదు. తరలించినవాటిలో డెబ్భై నాలుగు తమంతట తాము లోయకు తిరిగి వచ్చినవి. చెట్ల పేర్లు వెనుక పుట. కృత్రిమ తొర్ర ధ్వనికి తుల్యమే గాని నివాసానికి తుల్యము కాదు. ఈ పొరపాటు నాది. నా నియమం వల్ల రెండేళ్లు బయటపడలేదు.’ చివరి రెండు వాక్యాలు అవసరం లేదన్నాడు జగదీశ్వరరావు. ఆమె అతనివంక చూసింది. అతను కలం మూత తీసి సాక్షి సంతకం చేశాడు.

జీపు ఎక్కుతూ ఆగి, “ఆ కాలనీలో ఒక పూట పడుకుని చూశాను మేడమ్,” అన్నాడు. “నిద్ర పట్టలేదు. ఎవరికీ చెప్పలేదు.”

“ఇప్పుడు చెప్పు,” అంది ఆమె. “రాతలో.”

చెప్పాడో లేదో ఆమెకు తెలియదు. మూడు నెలల తరువాత, విచారణ సంఘం తొర్రకప్పను ‘స్థానబద్ధ జీవి’గా ప్రకటించింది. ఆ ముద్ర పడిన జీవి ఉన్నచోట నీళ్లు నిలపడానికి ఆ చట్టంలోనే దారి లేదు. పథకం వేరే కొండను వెతుక్కుంటూ పోయింది. ప్రకటనలో లోయ కుటుంబాల ప్రస్తావన ఎక్కడా రాలేదు. కప్ప నీడన మనుషులు కూడా మిగిలారు. ఇందుకు సంతోషించాలో, ఉమ్మెయ్యాలో హైమవతికి తేలలేదు. ప్రస్తుతానికి సంతోషించడానికే నిశ్చయించుకుంది. కాలనీకి వెళ్లిన లచ్చిరెడ్డి అన్న తన మంచం మోసుకుని, రెండు మేకలనూ తోలుకుని తిరిగి వచ్చేశాడు.

కార్తీకంలో, వానలు వెనకబట్టాక, ఆమె తొర్రలు విప్పడానికి వచ్చింది. ఈసారి శేషాచలం కూడా వచ్చాడు. గట్టెక్కలేక కింద అరుగుమీదే ఉండిపోయి, జీలుగు కల్లు రసాయనశాస్త్రాన్ని స్వయంగా పరిశీలిస్తున్నాడు. పైన లచ్చిరెడ్డి ఒక్కొక్క తొర్రనూ చెట్టునుంచి దించుతుంటే ఆమె నీళ్లు పారబోసి, తిత్తి ఊడదీసి, అడుగునున్న చెవిని కత్తెరతో కోసి డబ్బాలో వేసింది. నలభై దాటేసరికి వేళ్లు నొప్పెట్టాయి. ఆపలేదు.

చిన్నమ్మి వచ్చి, విప్పిన తొర్రను ఒకదాన్ని ఎత్తి, బరువు చూసి, గోడ తట్టి చూసింది. లోపల తల పెట్టి చూసింది.

“ఇయ్యేం చేత్తారమ్మగోరూ?”

“పారేస్తాను.”

“పారేత్తారా? గట్టిగా ఉంది, తడి పీల్చదు, ఎలుక కొరకదు. పొదిగే కోడికి బెమ్మాండంగా ఉంటది. నాకో నాలుగియ్యండి.” తీసుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. “కోడి అరిత్తే లెక్కెయ్యదు కదా?”

“వెయ్యదు. వినే భాగం తీసేశాను. ఇప్పుడది ఉత్త తొర్ర.”

“అంతే సాలు. గుడ్లు పెట్టుకునే దానికి వినేవోళ్లతో ఏం పని?” అంది చిన్నమ్మి. రెండు చంకల్లో రెండు, నెత్తిన ఒకటి పెట్టుకుని, నాలుగోది హైమవతి చేతిలో పెట్టి, “ఇది మీరు అట్టుకు రండి,” అని గట్టు దిగసాగింది.

హైమవతి ఆమె వెనకే దిగింది.